నడువని వానికి ఊరు తెలియదు
(కోడేరులో కూడిన చదువరుల యెదుట చేసిన ప్రసంగపాఠము)



నాలుగు మాటలు చెప్పవలసినదని మమ్ము పిలిచినపుడు ఏదో యొక గొప్ప విషయము నెత్తుకొందుమని మీరు తలచియుందురు. మే మెత్తుకొన్నది మిక్కిలి చిన్న విషయము: ఊరి వెలుపలి బాటను ఒక గడియ సేపు నడచుట, నడచుచు చుట్టునున్న దానిని చూచుట, వినుట. దీనికొక ప్రసంగ మేల యని యడుగవచ్చును. పని చిన్నదే. దానిని మానుకొన్నందువలని నష్టము మాత్రము చిన్నది కాదు. ఆ సంగతియే మనవి చేయ వచ్చితిమి.

మొదట నొక పెద్దమనిషిని తలచుకొందము. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదిని కాశికి బయలుదేరిరి. శ్రీశైలము సేవించి, కృష్ణ దాటి, ఈ మన పానుగల్లు, వనపర్తి ప్రాంతముల మీదుగనే హైదరాబాదు చేరిరి. 1831 సెప్టెంబరు 3వ తేదిని ఇల్లు చేరువరకు కనిన దెల్ల వ్రాయుచునే యుండిరి. ఆ కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడినది. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు దానిని పరిష్కరించి మరల వెలయించిరి. పుణ్యమునకు పోయిన యాత్రికుడు గుడిగోపురములను మాత్రమే వ్రాసి యూరకుండవచ్చును. ఆయన యట్లు చేయలేదు. బాట యెట్టిది, మంచినీరు కలదా, అంగడిలో నేమి దొరకును, జనులెట్లున్నారు అని వ్రాసినారు. ఆయన పుణ్యము ఆయనకే దక్కినది; మనకు దక్కినది ఆయన చూపు. ఆయన పల్లకిలో పోవుచు చూచినారు. మనము కాళ్లుండియు, ఫోనులో తల వంచి, చూడక పోవుచున్నాము!

మరియొకరు సలీం అలీగారు. 1931, 32 సంవత్సరములలో నాటి హైదరాబాదు రాజ్యమంతయు తిరిగి పక్షులను పరిశీలించినారు. మన నల్లమల యడవులలోను తిరిగిరి. ఎచ్చటి నుండియో వచ్చినవారు మన పిట్టలకు లెక్క వ్రాసిపెట్టిరి. ఆ పిట్టలు పొద్దస్తమానము మన పెరళ్లలోనే కూయుచున్నను వాని పేర్లు మన పిల్లలకు తెలియవు.

ఇక మన బాటకు వత్తము. తెల్లవారుజామున ఊరు దాటునప్పటికి మొదట చెవిని పడునది ట్రాక్టరు మోత. అది వెనుకబడిన పిమ్మట గాని తక్కిన చప్పుడులు వినబడవు. చెల్కలలో నడుచుచుండగా తీతువు అరచును. తీతువు కూత అపశకునమని మనలో ననేకులు వెనుదిరుగుదురు. గొఱ్ఱెల కాపరి నడుగుడు. ఆయన నవ్వి, అడుగు మెల్లగా వేయుమని చెప్పును. ఆ పక్షి గూడు కట్టదు. బయలుననే, గులకరాళ్ల నడుమ, రాళ్ల రంగు గుడ్లు పెట్టును. మన కాలు వానిపై పడునేమో యని దాని యార్తి. మనకు కీడు చెప్పుటకు గాదు, తన పిల్లలకు కీడు రాకుండుటకే అది యరచుచున్నది. విన్నవాడు భయపడెను, గమనించినవాడు ప్రక్కకు తొలగెను. రెంటికిని భేద మింతే.

పాలపిట్టను మనము దసరానాడు వెదకి వెదకి చూతుము. తక్కిన దినములలో అది కరెంటు తీగపై కూర్చుండి మన చేలలోని పురుగుల నేరుకొని తినుచునే యుండును. వాలియున్నపుడు దాని సొగసు మన కంటికి ఆనదు. రెక్క విప్పినప్పుడే ఆ నీలిమ యంతయు బయటపడును. తంగేడును బతుకమ్మనాడు తలకెత్తుకొందుము. దాని బెరడుతో తోళ్లు పదును చేయుదురని యెందరెఱుగుదురు? బాట ప్రక్క గుండ్లను జూడుడు. ఈ నల్లరాతి నేల వయస్సు సుమారు రెండువందల యేబది కోట్ల యేండ్లు. కృష్ణ కావలి నల్లమల రాయి వేరు. అది పొరలు పొరలుగా పేర్చినట్లుండును. అది యొకప్పుడు నీటి యడుగున పేరుకొన్న యిసుకయు, ఒండ్రును. ఇంతటి గ్రంథము మన వాకిటనే తెరచియున్నది.

ఇది యంతయు తీరికగలవారి వినోదమని మీరనవచ్చును. మేమును ఒకప్పుడట్లే తలచితిమి. ఒక చెరువు మా కన్నులు తెరిపించినది. ఊరి పేరు చెప్పము. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రాష్ట్రమున 46 వేలకు పైగా చెరువుల మరమ్మతు తలపెట్టిన సంగతి మీరెఱుగుదురు. మేము చెప్పు చెరువునను పూడిక తీసిరి; కట్ట గట్టిపడెను; తూము బాగుపడెను. వాన బాగుగా కురిసిన యేడు సైతము అది నిండలేదు. వాన తక్కువయని కొందఱు, పని మంచిది కాదని కొందఱు వాదులాడుచుండిరి. ఒక ముదుసలి రైతు మాత్రము, “నడచి చూతము రాండి” యని మమ్ము పాటుకాలువ వెంట పైకి తీసికొనిపోయెను.

ఒక మైలు నడచితిమి. ఒకచోట ఇల్లు కట్టినవారు మట్టి పోసిరి. ఒకచోట చేనిగట్టు జరిగి కాలువ సగమైనది. ఒకచోట గొట్టము వేయకయే బండ్లబాట నెత్తు చేసిరి. మట్టి పోసినవాడు తన గంపమట్టినే యెఱుగును. గట్టు జరిపినవాడు తన మూరెడు నేలనే యెఱుగును. చెఱువును చంపవలెనని యెవ్వడును తలపలేదు. కాలువను మొదటి నుండి తుదివరకు నడచినవాడు ఒక్కడును లేకపోవుటయే దాని చావునకు మూలము. ఆ కాలువ యింకను పూర్తిగా బాగుపడలేదు. కాని ఆనాటి నుండి ఆ యూరివారి వాదము మారినది. వానను తిట్టుట మాని కాలువను గూర్చి మాటలాడుచున్నారు.

ఎల్లూరు వద్ద కృష్ణ నీటిని పైకెత్తి కల్వకుర్తి వఱకు నడిపింపగల్గిన కాలమిది. ఎత్తిన నీటికైనను దారి కావలెను. దారిని కాచుటకు నడచు మనుష్యుడు కావలెను.

కూలికి పోవు తల్లికి, మందవెంట తిరుగు కాపరికి ఈ ప్రసంగ మక్కరలేదు. వారు మాకు గురువులు. చదువుకొని, బండి యెక్కి, నేలను మఱచిన మనకే ఇది. వారమున కొక్కమారు ఒక పిల్లవాని చేయి పట్టుకొని ఊరి చుట్టు నడువుడు. ఫోను ఇంట నుంచుడు. ఒక చెట్టు పేరు, ఒక పిట్ట పేరు, ఒక వాగు పేరు పెద్దల నడిగి యొక పుస్తకమున వ్రాసికొనుడు. దేశభక్తి యను పెద్దమాట కిది తొలి యక్షరము. పేరైనను తెలియని దానిని కాపాడుదుమనుట వట్టిమాట.

రేపు తెల్లవారుజామున మేము చెరువుకట్ట మీదుగా నడువబోవుచున్నాము. రాగలవారు రండు. తీతువు అరచినచో వెనుదిరుగవలదు; అడుగు చూచి వేయుడు.