అతివాహక స్ఫటికములు – సూక్ష్మతరంగముల సాక్ష్యము

(సంఘ వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగము)



పద్యపఠనములకును, నాటకములకును అలవాటుపడిన ఈ వేదికపై భౌతికశాస్త్ర ప్రసంగ మనగానే కొందరు మిత్రులు గడియారము వంక చూచుట సహజము. వారికి అభయ మిచ్చుచున్నాను: గణిత సమీకరణ మొక్కటియు చెప్పను. నేను చెప్పదలచిన సంగతి మనము కాపురమున్న ఈ ఢిల్లీ నగరముతోను, మన తెలుగు పండితులు చేసిన శాస్త్రకృషితోను ముడివడియున్నది. అందుచేతనే ఈ సాహసము.

విద్యుత్తు తీగగుండ పోవునపుడు తీగ వేడెక్కును. ఇంటిలో ఇస్త్రీపెట్టె పనిచేయుటకును, విద్యుత్కేంద్రమునుండి మన యింటికి వచ్చులోపల కొంత శక్తి దారిలో వ్యర్థమగుటకును ఇదియే కారణము. దీనిని నిరోధ మందురు. 1911లో హాలెండు దేశమున లైడెన్ నగరములో కామెర్లింగ్ ఓన్నెస్ అను పండితుడు పాదరసమును ద్రవ హీలియముతో చల్లబరచి చూచెను. పరమశూన్యమునుండి లెక్కించు డిగ్రీలకు కెల్వినులని పేరు. 4.2 కెల్వినులవద్ద, అనగా మన వాడుక లెక్కలో సున్నకు దిగువ 269 డిగ్రీల చలిలో, పాదరసపు నిరోధము హఠాత్తుగా మాయమయ్యెను. ఈ గుణమే అతివాహకత.

మనలో పలువురము కార్యాలయములలో 'నిల్ రిపోర్టు' పంపి యెరిగినవారమే. ఆ కాగితముపై సున్న యున్నంతమాత్రమున ఆ విభాగములో ఏమియు జరుగుట లేదని అర్థము కాదు. అడిగిన ప్రశ్నకు సమాధానము సున్న యని మాత్రమే అర్థము. అతివాహకమును కొలిచిన మీటరు చూపు సున్నయు నట్టిదే. సీసము నడిగినను సున్నయే, తగరము నడిగినను సున్నయే, నిన్న మొన్న కనుగొన్న స్ఫటికము నడిగినను సున్నయే. లోపల ఎలక్ట్రానులు ఏ విధముగ మెలగుచున్నవో ఆ సున్న చెప్పదు. చెప్పించవలెనన్న ప్రశ్నను మార్చి అడుగవలెను. నా ప్రసంగ సారాంశ మింతే.

1933లో బెర్లినులో మైస్నర్, ఆక్సెన్‌ఫెల్డ్ అను నిరువురు ప్రశ్న మార్చిరి. అతివాహకము తనలోని అయస్కాంత క్షేత్రమును వెలుపలికి నెట్టివేయునని కనుగొనిరి. అయితే ఉపరితలమున అతి పలుచని పొరలోనికి మాత్రము క్షేత్రము చొచ్చుకొనిపోవును. ఆ పొర లోతు మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. ఈ లోతును జ్ఞాపక ముంచుకొనవలెనని శ్రోతలను కోరుచున్నాను.

మరియొక ప్రశ్న, విద్యుత్తును ఒకే దిశగా పంపక ముందునకు వెనుకకు త్రిప్పుచు పంపినచో ఏమగును అనునది. 1940లో హైంజ్ లండన్ అను పండితుడు అతివాహక స్థితిలోనున్న తగరముపై ఇట్టి పరీక్ష చేసి, వేగముగ దిశ మారు విద్యుత్తునకు నష్టము పూర్తిగా సున్న కాదని చూపెను. యుద్ధకాలమున రాడారు పనిలో ఆరితేరిన బ్రయన్ పిప్పర్డ్ తరువాత కేంబ్రిడ్జికి వచ్చి, సూక్ష్మతరంగములతో ఈ పరీక్షలను పెంపొందించెను. సెకనుకు కొన్ని పదుల కోట్ల మారులనుండి వేలకోట్ల మారులవరకు కంపించు విద్యుత్తరంగములే సూక్ష్మతరంగములు.

సున్నగా నుండిన నష్టము ఇచట ఎట్లు పుట్టెను? పల్లకి మోయు బోయీలను తలచుకొనుడు. అతివాహకములో ఎలక్ట్రానులు జంటలు కట్టి, అడుగు కలిపిన బోయీలవలె ఏ కుదుపును లేక పల్లకిని కొనిపోవును. జంట కట్టని ఎలక్ట్రానులు కొన్ని ప్రక్కన ఊరక నిలిచియుండును. వానికి పని లేదు గనుక నష్టమును లేదు. కాని సెకనుకు కోట్లమారులు పల్లకిని ముందునకు వెనుకకు త్రిప్పుమన్నచో జంటలు మరలుటకు ఒక త్రోపు కావలెను. ఆ త్రోపు ప్రక్కనున్న ఒంటరి ఎలక్ట్రానులకును తగులును. అవి కదలి, ఢీకొని, వేడి పుట్టించును. ఆ వేడిని కొలిచినచో ఒంటరుల సంగతియు, క్షేత్రము చొచ్చిన లోతును కొలిచినచో జంటల సంగతియు తెలియును. మీటరుముందు మౌనము వహించిన పదార్థము సూక్ష్మతరంగముముందు నోరు విప్పును.

ఈ జంటల సిద్ధాంతమును 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ అను మువ్వురు వెలయించిరి. జంటను విడదీయుటకు కొంత శక్తి వెచ్చింపవలెను. ఆ శక్తిని కోటగోడ యెత్తుగా భావింతము. సీసము, నయోబియము వంటి లోహములలో ఈ గోడ అన్ని దిక్కులను ఇంచుమించు ఒకే యెత్తున నుండును. చలి హెచ్చినకొలది గోడ దాటగల ఎలక్ట్రానులు అతిత్వరగా తగ్గిపోవును, నష్టమును అడుగంటును. దీని ప్రయోజనమును మన నగరముననే చూడవచ్చును. అరుణా ఆసఫ్ అలీ మార్గములోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటరునందు అయానులను వేగవంతము చేయుటకు నయోబియపు పాత్రలను ద్రవ హీలియపు చలిలో ఉంచి వాడుదురు. వానిలో విద్యుత్ క్షేత్రము సెకనుకు 9 కోట్ల 70 లక్షల మారులు కంపించును. ఇవి సూక్ష్మతరంగములు కావు, రేడియో తరంగములే. కాని సూత్ర మొక్కటే. రాగితో చేసిన పాత్రలైనచో అంత క్షేత్రమును నిలుపుటకు చాల హెచ్చు శక్తి వేడిగా వ్యర్థమగును.

ఇక అసలు కథకు వత్తము. 1979లో జర్మనీ దేశమున స్టెగ్లిష్, ఆయన సహచరులు సీరియము, రాగి, సిలికాను కలిసిన పదార్థములో పాత సిద్ధాంతమునకు లొంగని అతివాహకతను చూచిరి. 1986లో జ్యూరిక్ దాపున బెడ్‌నోర్జ్, ముల్లర్ అను వారు రాగి, ప్రాణవాయువుల పొరలు గల పింగాణివంటి పదార్థములో 30 కెల్వినులకు పైననే అతివాహకతను కనుగొనిరి. మరుసటి యేడే వారికి నోబెల్ బహుమానము లభించెను. అదే 1987లో ఇట్రియము, బేరియము, రాగి, ప్రాణవాయువు కలిసిన పదార్థమున ఆ హద్దు 93 కెల్వినుల కెగబ్రాకెను. అంతట ఖరీదైన ద్రవ హీలియముతో పని లేక, 77 కెల్వినుల ద్రవ నత్రజని చాలునని తేలెను. ప్రపంచమంతట ప్రయోగశాలలు మేల్కొనెను. మన నగరపు జాతీయ భౌతిక ప్రయోగశాలయు ఈ కృషిలో పాల్గొనెను. ఖగోళ పండితుడు జయంత నార్లికరు సోదరుడైన అనంత నార్లికరు అచట ఈ రంగమున ప్రముఖులు.

పింగాణి విద్యుత్తును అడ్డునని బాల్యమునుండి చదివినవారము. అట్టి జాతి పదార్థములో ఎలక్ట్రానులు జంట యెట్లు కట్టినవి? కోటగోడ ఆకార మెట్టిది? ఇక్కడ ముగ్గు నొకదానిని తలచుకొనుడు. నాలుగు రేకుల ముగ్గును పావువంతు త్రిప్పినచో మరల అట్లే కనబడును. కాని రేకులకు ఒకటి విడిచి ఒకటిగా ఎరుపు, తెలుపు రంగులు వేసినచో, పావువంతు త్రిప్పినంతనే ఎరుపున్నచోట తెలుపు వచ్చును. రాగి పొరలలో అణువుల అమరిక దాదాపు చతురస్రము; అది రంగు లేని ముగ్గు. అందలి ఎలక్ట్రాను జంటల తరంగము రంగులు వేసిన ముగ్గు వంటిదని కొంద రూహించిరి. ఎరుపు తెలుపగు నెడ నడుమ ఏ రంగును లేని గీత యొకటి యుండక తప్పదు. అనగా తూర్పు, పడమర, ఉత్తర, దక్షిణములందు గోడ ఎత్తుగా నుండి, విదిక్కులు నాల్గింట నేలమట్టమై యుండవలెను.

ఇట్టి సౌష్ఠవ విచారమునకు గ్రూపు సిద్ధాంత మను గణితశాఖ ఆధారము. దానిని భౌతిక సమస్యల కెట్లు వర్తింపజేయవలెనో తెలుపుచు సూరి భగవంతముగారును, వెంకటరాయుడుగారును వ్రాసిన గ్రంథమును 1948లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రకటించెను. అందు అతివాహకముల ప్రసంగము లేకపోవచ్చును. కాని స్ఫటికపు సౌష్ఠవమునుబట్టి దాని గుణములను తరచి చూచు విద్యను మనవా రానాడే బోధించిరి. భగవంతముగారు 1960 దశకమున రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా ఈ ఢిల్లీ నగరముననే పనిచేసిరి. 1950 జనవరి 21న ప్రారంభోత్సవము జరిగిన జాతీయ భౌతిక ప్రయోగశాలకు మొదటి డైరెక్టరైన కె.యస్. కృష్ణన్‌గారును, స్ఫటికములను సన్నని దారమున వ్రేలాడదీసి, దిక్కునుబట్టి వాని అయస్కాంత గుణము మారు విధమును కొలిచిన మేధావి. స్ఫటికమును ప్రతి దిక్కునుండియు ప్రశ్నింపవలె ననునది మన దేశమునకు క్రొత్త పాఠము కాదు.

ఊహను పరీక్షించిన ఘట్టము 1993లో కెనడాలోని వాంకూవరు నగరమున జరిగెను. హార్డీ, బాన్ మొదలగువారు నువ్వుగింజకంటె చిన్నదగు నిర్మలమైన ఇట్రియపు స్ఫటికమును, సెకనుకు సుమారు 90 కోట్ల మారులు కంపించు అనునాద పాత్రలో ఉంచిరి. స్ఫటికము వేడెక్కినకొలది క్షేత్రము మరికొంత లోనికి చొచ్చును. పాత్రయొక్క శ్రుతి అణుమాత్రము మారును. ఆ శ్రుతిభేదమునుండి లోతును లెక్కగట్టిరి. కెల్వి నొక్కింటికి పెరిగిన లోతు మిల్లీమీటరును కోటి భాగములు చేసిన అందు సుమారు నాలుగు భాగములు మాత్రమే! ఇది స్ఫటికములో ప్రక్కప్రక్కనున్న రెండు రాగి అణువుల నడిమి ఎడముకంటె ఏమంత హెచ్చు కాదు. ముఖ్య విషయ మేమన, గోడ అన్ని దిక్కుల ఎత్తుగా నున్నచో ఈ పెరుగుదల చలిలో దాదాపు ఆగిపోవలసినది. ఆగక, వేడితో సమానముగ సరళరేఖవలె సాగెను. అనగా గోడకు గండ్లు కలవు.

అంతకుముందు ఇతరులు చేసిన కొలతలలో ఈ సరళరేఖ కానరాలేదు. ఆ నమూనాలు అంత శుద్ధములు కావు. రాగిస్థానమున వెయ్యింట మూడు పాళ్ళ జింకు చేరినను ఈ రేఖ వంగిపోవునని తరువాత తేలెను. స్ఫటికమును కరగించు మూసనుండి చేరు మాలిన్యము సైతము సత్యమును కప్పివేయగలదు. నెలలతరబడి ఓపికతో స్ఫటికమును పెంచువాని పేరు పత్రికల కెక్కదు. కాని అతని ఓపిక లేనిదే పై కొలతకు విలువ లేదు.

దీనివలన ప్రయోజన మేమని ఆర్థికశాఖ మిత్రులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. గోడకు గండ్లున్నందున ఈ స్ఫటికములలో ఎంత చలిలోను కొన్ని ఒంటరులు మిగులును. కావుననే అయాను యంత్రములకు నేటికిని నయోబియమే ఉత్తమము. ఐనను 77 కెల్వినులవద్ద ఇట్రియపు పలుచని పొరలు రాగికంటె మేలు గనుక సెల్‌ఫోను కేంద్రములలో సంకేతములను వడపోయుటకు వానిని వాడిరి. మరియు, 1962లో జోసెఫ్‌సన్ చెప్పినట్లు, రెండు అతివాహకముల సంధిపై సూక్ష్మతరంగము పడినపుడు విద్యుత్పీడనము సమానమైన మెట్లుగా హెచ్చును. సెకనుకు వెయ్యికోట్ల కంపనములైనచో మెట్టు ఒక్కింటికి వోల్టులో పదిలక్షలవ వంతులు 20.7. ఈ మెట్టు లోహమునుబట్టి మారదు, దేశమునుబట్టి మారదు. ఢిల్లీ ప్రయోగశాల మన దేశపు వోల్టు ప్రమాణమును ఈ సూత్రముపైననే నిలిపినది.

కొలతయందు నిజాయితీ ఎంత యవసరమో 2023 జూలైలో లోకము చూచినది. సీసము, రాగి, భాస్వరము గల ఒక పదార్థము సాధారణ ఉష్ణోగ్రతవద్దనే అతివాహక మగునని కొరియా దేశమునుండి వార్త వచ్చెను. ప్రపంచము ఉప్పొంగెను. మన జాతీయ భౌతిక ప్రయోగశాలలో అవానా, ఆయన సహచరులు కొద్దిదినములలోనే ఆ పదార్థమును తయారుచేసి పరీక్షించి, అతివాహకత కానరాలేదని ప్రకటించిరి. ఆగస్టులో జర్మనీలోని స్టట్‌గార్ట్ నగరమున దాని శుద్ధ స్ఫటికమును పెంచి చూడగా, అది విద్యుత్తును ప్రసరింపనీయని పదార్థమని తేలెను. నిరోధము హఠాత్తుగా పడిపోవుటకు కారణము మాలిన్యముగా చేరిన రాగి గంధకమట!

సోదరులారా, 'లేదు' అని చెప్పుటకును శాస్త్రమున ధైర్యము కావలెను. అందరును 'ఉన్నది' అని కేకలు వేయుచున్న వేళ తన బల్లముందు కూర్చుండి, కొలిచి, కానరాలేదని వ్రాసి సంతకము చేయుట చిన్న పని కాదు. జాతికి కొలబద్దలను కాపాడు ప్రయోగశాలకు ఇదియే ప్రథమ ధర్మము. దస్త్రములు చూచి నిధులు మంజూరు చేయుటలో భాగస్వాములైన మనవా రిచట కొంద రున్నారు. స్ఫటికమును పెంచుటకు పట్టు సంవత్సరములను జాప్యముగా నెంచవలదని వారికి నా విన్నపము. తొందరలో తెచ్చిన సున్నకంటె ఓపికతో తెచ్చిన నాలుగు భాగముల లెక్కయే లోకమునకు వెలుగు చూపినది.