దీపపు వెలుతురులో ఫోటోలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణానికీ పిల్లల నాట్యానికీ నడుమ నాకొక పావుగంట వ్యవధి ఇచ్చి, చేతిలో ఉండే స్మార్టుఫోనుతో మంచి ఫోటోలు తీయడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శిగారు. పండుగ పూట ఇదేమి విషయమని కొందరికి అనిపించవచ్చును. అయితే ఒక సంగతి చూడండి. మన పెళ్ళిళ్లు, బతుకమ్మ ఆటలు, ఈ ఉగాది సభ, అన్నీ దీపాలు పెట్టిన తర్వాతనే రక్తి కడతవి. పగలంతా మరమగ్గాల షెడ్లలోనో, బీడీల పనిలోనో, ఆఫీసులోనో గడిపి, మనం ఒకచోట చేరేది చీకటి పడ్డాకనే. కాబట్టి మనం తీసే ఫోటోలలో చాలా భాగం తక్కువ వెలుతురులో తీసేవే. చెడిపోయేవి కూడా అవే.

మన పూర్వులు కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు వైపులనుంచి ఈ షోలాపూరుకు వచ్చినప్పుడు మూటలో ఫోటోలు కట్టుకొని రాలేదు. ఎన్నో ఇండ్లలో ముత్తవ్వకు ఉన్నది ఒకే ఒక్క ఫోటో. ఎవరి పెండ్లిలోనో గుంపుగా తీసినది. ఆ మూలన చింతగింజంత ముఖం. దానినే పెద్దది చేయించి, దండ వేసి గోడకు పెట్టారు. ఇప్పుడు ఇంటికి మూడు ఫోన్లు, ఒక్కొక్క దానిలో వేల ఫోటోలు. ఐనా అవ్వ ముఖం స్పష్టంగా ఉన్నది ఒకటి తీయండి చూద్దామంటే వెతుకులాట మొదలవుతుంది. ఒకటి మసక, ఒకటి నలుపు, ఇంకొకదానిలో అవ్వ వెనుక ట్యూబులైటు వెలుగుతున్నది గాని అవ్వ లేదు. నేను ఈ విషయం ఎత్తుకొన్నది ఆ ఒక్క ఫోటో కొరకే.

ఫోటోకు కావలసినవి రెండు: వెలుతురు, వ్యవధి. ఒకటి తక్కువైతే రెండవది ఎక్కువ కావాలి. ఫ్రాన్సు దేశంలో నియెప్స్ అనే ఆయన 1826లోనో 1827లోనో తన కిటికీలోనుంచి తీసిన తొలి ఫోటోకు కనీసం ఎనిమిది గంటలు పట్టినదట. తర్వాతి కాలపు స్టూడియోలలో కూడా, కూర్చున్నవారి తల కదలకుండా వెనుక ఇనుప ఊత పెట్టేవారు. ఆ పాత ఫోటోలలో మన పెద్దలు అంత బిగుసుకొని ఉండడానికి భయం ఒక్కటే కారణం కాదు!

ఇక ఫోనులో వెలుతురును పట్టే పలక ఎంతటిది? పాత ఫిలిం కెమెరాలో ఒక్కొక్క బొమ్మ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేది. ఫోనులోని పలక చాలావరకు చిటికెన వ్రేలి గోరును మించదు. వాన కురిసేటప్పుడు వాకిట్లో గంగాళం పెట్టిన ఇంటికీ, టీ గ్లాసు పెట్టిన ఇంటికీ ఉన్నంత తేడా. చాలినంత వెలుతురు దొరకనప్పుడు ఫోను ఉన్నదానినే హెచ్చించి చూపుతుంది. అప్పుడు బొమ్మమీద ఇసుక చల్లినట్లు చుక్కలు వస్తవి. ఆ చుక్కలను మళ్ళీ తానే తుడిచివేయబోయి, ముఖాన్ని మైనపు బొమ్మ చేస్తుంది. ఫోను చెడ్డదని తిట్టుకోవద్దు. దానికి వెలుతురైనా తెచ్చిపెట్టండి, వ్యవధి అయినా ఇవ్వండి.

వెలుతురు తెచ్చిపెట్టడం మనుకొన్నంత కష్టం కాదు. చిన్న దీపాన్ని నాలుగడుగుల దూరంనుంచి రెండడుగులకు జరిపితే ముఖంమీద పడే వెలుగు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. కనుక దీపాన్ని దగ్గరకు తేవడమో, మనిషిని దీపం దగ్గర కూర్చోబెట్టడమో చేయండి. దీపం ఎదురుగా గాక కొంచెం పక్కగా ఉంటే ముక్కూ చెంపా తీరుగా కనిపిస్తవి. నడినెత్తిన లైటు ఉంటే కండ్ల కింద గుంటలు పడతవి. ట్యూబులైటుకు గాని కిటికీకి గాని వీపు పెట్టి కూర్చోబెట్టారా, ముఖం నల్లబడిపోతుంది.

నన్నడిగితే మన ఇండ్లలో అన్నిటికన్న మంచి స్టూడియో, మన ఆడవారు బీడీలు చుట్టడానికి కూర్చునే గడప. ఆకు రంగు, దారపు చుట్టు సరిగా కనబడాలని వాళ్ళు ఏ వెలుతురును వెతుక్కున్నారో, ముఖానికి కావలసినదీ అదే. ఎండ నేరుగా తగలకుండా, ద్వారానికి ఒక మూర లోపల, వాకిలి వైపు ముఖం పెట్టి కూర్చోమనండి. మీరు ద్వారబంధానికి ఆనుకొని నిలబడండి. వెనుక ఇల్లు చీకటిగా ఉంటుంది గనుక చెంబులు, బట్టల దండెం బొమ్మలోకి చొరబడవు. అవ్వను నవ్వమని పీడించకండి. చుట్టే పని చుట్టనివ్వండి, ఏదో ఒకటి అడుగుతూ ఉండండి.

వ్యవధి సంగతి. గూగులువారి పిక్సెల్‌లో 2018లోను, ఐఫోనులో 2019లోను రాత్రి ఫోటోల పద్ధతి వచ్చినది. ఇప్పుడు చాలా ఫోన్లలో ఉన్నది. ఒక్క ఫోటోకు బదులు వరుసగా ఎన్నో తీసి, ఒకదానిపై ఒకటి సర్ది, అన్నిటి వెలుతురును కలుపుతుంది. దానికి రెండు మూడు సెకండ్లు పట్టవచ్చును. నొక్కగానే చేయి దించివేసేవారే మనలో ఎక్కువ. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, స్తంభానికి భుజం ఆనించి, ఊపిరి బిగబట్టండి. ఇంకా మంచిది, ఫోనును స్టీలు డబ్బాకు చేరవేసి, మూడు సెకండ్ల టైమరు పెట్టి చేయి తీయడం. అయితే ఎదుటి మనిషి కదిలితే ఈ పద్ధతీ ఏమీ చేయలేదు. పసిపిల్లలకు పనికిరాదు. పెద్దవారికి సరిగ్గా సరిపోతుంది, వాళ్ళకు నిలకడగా కూర్చోవడం తెలుసును.

ఫోనుకు ఇంకొక గుణమున్నది. చీకటిని చూడగానే పట్టపగలు చేయాలని చూస్తుంది. అప్పుడు దీపం తెల్లని మచ్చ అయిపోతుంది, పట్టుచీర రంగు వెలిసిపోతుంది. తెరమీద ముఖం ఉన్నచోట వ్రేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుని గుర్తును కొంచెం కిందికి లాగండి. రాత్రి రాత్రివలెనే ఉండనివ్వండి.

ఫ్లాషు గురించి ఒక్క మాట. దూరం రెట్టింపైతే దాని వెలుగు నాలుగవ వంతుకు పడిపోతుంది. ఏడెనిమిది అడుగులు దాటితే దానివల్ల ప్రయోజనం లేదు. ఈ హాలు వెనుకనుంచి ఫ్లాషు కొట్టేవారు రంగస్థలాన్ని కాదు, ముందు వరుసలోని పెద్దల బట్టతలలను వెలిగిస్తున్నారు. దయచేసి ఆపండి. అక్కడినుంచే వ్రేళ్ళతో బొమ్మను సాగదీయడమూ వద్దు. లేచి నాలుగడుగులు ముందుకు రండి. నాట్యంలో తీర్మానం చివర పిల్ల ఒక క్షణం భంగిమలో నిలుస్తుంది. ఆ క్షణానికి వేచి ఉండి నొక్కండి. బొమ్మమీద అడ్డంగా నల్లని చారలు వస్తే అది లైట్ల మూలంగా. మన కరెంటుమీద కొన్ని లైట్లు సెకండుకు నూరుసార్లు మినుకుతవి, కంటికి తెలియదు. ఫోనులో వ్యవధిని మనమే పెట్టుకొనే వీలుంటే సెకండులో నూరవ వంతో, యాభైయవ వంతో పెట్టండి, చారలు పోతవి.

షెడ్డులో మగ్గంమీద పనిచేసే నాన్నను తీయదలచినవారికి మరొక ఉపాయం. కదిలే మగ్గం మసకగానే రానివ్వండి, మనిషిని మాత్రం ఒక్క క్షణం నిలవమనండి. ఆ మసకలోనే మగ్గం నడుస్తున్నదని తెలుస్తుంది.

వీటన్నిటికన్న ముందు చేయవలసినది లెన్సు తుడవడం. ఇందాక ఉగాది పచ్చడి తిన్న చేతులతోనే అందరం ఫోన్లు పట్టుకొన్నాము. దీపాల చుట్టూ పొగవలె కాంతి చెదిరితే అది జిడ్డు. షోలాపూరులో మెత్తని నూలు గుడ్డకు కరువా?

సౌందర్యం పెంచుతామనే ఫిల్టర్లు మాత్రం నాకు నచ్చవు. అవ్వ రంగును తెల్లబరచి, ముడతలు చెరిపి, ఎవరో పరాయి మనిషిని మనకు అప్పగిస్తవి. ఫోనులో అది మొదటినుంచే పెట్టి ఉండవచ్చును, వెతికి తీసివేయండి.

మంచి ఫోటో కుదిరితే వాట్సాపులో మామూలుగా పంపకండి, అది బొమ్మను కుదించి పంపుతుంది, డాక్యుమెంటుగా పంపండి. ఇంకొకచోట నకలు పెట్టండి, ఫోను పోతే ఫోటో పోకుండా. ఏడాదికి పది అయినా కాగితంమీద అచ్చు వేయించండి. వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాయండి. తెలుగులో వ్రాస్తే మన పిల్లలలో కొందరు చదవలేకపోవచ్చును, వారు బడిలో నేర్చుకొన్నది మరాఠీ గదా. కనుక పైన తెలుగులోను, కింద మరాఠీలోను వ్రాయండి. పిల్లల గజ్జెల చప్పుడు వినబడుతున్నది, నాకు సెలవిప్పించండి.