రాయి వేసిన చేత్తోనే చరిత్ర రాసుకుందాం

(అనకాపల్లి గవరపాలెంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రాంతం గురించి మనం చాలా మాట్లాడాం. రిలే దీక్షల టెంట్లలో మాట్లాడాం. రాస్తారోకోల్లో గొంతు పోయేదాకా అరిచాం. నీళ్ళు, నిధులు, ఉద్యోగాలు, వలసలు అన్నీ లెక్కలు కట్టి చెప్పాం. అయితే ఒకరోజు టెంటులో కూర్చున్న ఇంటర్ కుర్రాడొకడు మమ్మల్ని అడిగాడు. "అన్నా, ప్రాంతానికి చరిత్ర ఉందంటారు. మరి మా పాలేనికి ఏముంది?" అక్కడున్న వాళ్ళందరం డిగ్రీలు చదివినవాళ్ళమే. పేపర్లలో వార్తలు రాసేవాళ్ళమే. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఢిల్లీ సుల్తానుల వంశావళి వరుసగా చెప్పగలం. మన వీధి చివర గుడి ఎవరు కట్టారంటే నోరు పెగల్లేదు.

ఆ సిగ్గుతోనే ఈ వీధులన్నీ మళ్ళీ తిరిగాం. ముసలోళ్ళ అరుగుల మీద కూర్చున్నాం. పాత పుస్తకాలు తిరగేశాం. ఆ తిరిగిన దారే ఈరోజు మీ ముందు పెడుతున్నాం.

ముందు ఈ పాలెం సంగతి. 1909లో అచ్చయిన థర్‌స్టన్ దొర పుస్తకంలో, దక్షిణాది కులాల గురించి రాసిన సంపుటాల్లో, గవరలు చెప్పుకునే కథ ఒకటి ఉంది. వీళ్ళ పూర్వీకులు వేంగి నాడు వదిలి పడవలెక్కి మన పూడిమడక రేవులో దిగారట. కొండకర్ల దగ్గర కొన్నాళ్ళు బతికారట. తర్వాత అనకాపల్లి ఏలే పాయకరావు పిలుపు మీద ఇక్కడికి వచ్చి గవరపాలెం కట్టుకున్నారట. ఇది శాసనం కాదు, తాతలు చెప్పిన మాట. కానీ ఆ మాటలో ఒక నిజం దాగుంది. రాజు ఊరు కట్టాలనుకుంటే సరిపోలేదు. మట్టి తెలిసిన చేతులు కావాల్సి వచ్చింది. వలసొచ్చిన రైతు కుటుంబాలను పిలిస్తే గాని ఊరు నిలబడలేదు.

పాయకరావు పేరు పాయకరావుపేటలో నిలిచింది. పిలుపందుకొని వచ్చి చెమటోడ్చిన వాళ్ళలో ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు. మిగిలింది పాలెం ఒక్కటే. అందుకే మేమంటాం, గవరపాలెం అన్న పేరే మన మొదటి చరిత్ర పుస్తకం. అయితే ఆ పుస్తకం అందరి పేర్లూ రాయలేదు. నాగలి కర్రు సాగదీసిన కమ్మరి, కుండ చేసిన కుమ్మరి, చెరకు నరికిన కూలి, ఊరి చివర వాడల్లో ఉండి ఊరి బరువంతా మోసిన దళితులు, వీళ్ళు లేకుండా ఈ పాలెం ఒక్క రోజు గడిచిందా? రేపు మనం రాసుకునే చరిత్రలో వాళ్ళ పేర్లు కూడా ఉండాలి. లేకపోతే రాజులు రాయించుకున్న చరిత్రకూ మనదానికీ తేడా ఏముంది?

ఇక నూకాలమ్మ తల్లి. ఈ గుడి కాకర్లపూడి వారి కాలంలో వెలిసిందని, అప్పుడు అమ్మవారిని కాకతాంబ అని పిలిచేవారని స్థల చరిత్ర చెప్తుంది. తర్వాత నూకాంబిక అయ్యింది. రికార్డుల్లో నూకాంబిక. జనం నోట్లో మాత్రం నూకాలమ్మే. రాజు పెట్టిన పేరు పక్కకు పోయింది, పూజారి పలికే పేరు గుడి గోడ మీద ఉంది, రైతు ఆడబిడ్డ పిలిచే పేరు ఊరంతా ఉంది. ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య నుంచి నెల రోజులు ఈ పాలెం ఎలా ఉంటుందో మీకు మేం చెప్పక్కర్లేదు. బళ్ళు కట్టుకొని వచ్చిన రోజుల నుంచి ఆటోలు, లారీల్లో వచ్చే ఈ రోజుల దాకా జాతర ఆగలేదు. అనకాపల్లి కాకర్లపూడి వారి చేతి నుంచి విజయనగరం వారి చేతికి పోయింది. తర్వాత గోడేవారి జమీందారీ అయ్యింది. ఆ తర్వాత జమీందారీలే పోయాయి. పాలకులు మారినా అమ్మ మారలేదు, అమ్మ దగ్గరికి వచ్చే జనం మారలేదు.

సంక్రాంతి వెళ్ళాక గౌరీపరమేశ్వరుల ఉత్సవం ఉండనే ఉంది. ఎక్కడ ఉద్యోగం చేస్తున్నా ఆ రోజుకి పాలెం బిడ్డ ఇంటికి రావాల్సిందే. నేలవేషాలు, కోలాటాలు, తప్పెటగుళ్ళు, తెల్లవార్లూ కార్యక్రమాలు. మనం దాన్ని పండగ అంటాం. మేమైతే ఉత్తరాంధ్ర కళాకారులకు అన్నం పెట్టే వేదిక అని కూడా అంటాం. తప్పెట కట్టుకొని ఆడే మనిషికి ఆ రాత్రి ఇచ్చే పారితోషికమెంత, డీజే బాక్సులకు పోసేదెంత అని కమిటీ పెద్దలు ఒక్కసారి లెక్క చూసుకోవాలని ఈ వేదిక మీద నుంచి కోరుతున్నాం. కోపం తెచ్చుకోవద్దు. మన ఇంటి మాట గనుక మనమే అనుకోవాలి.

ఇప్పుడు బెల్లం దగ్గరికి వద్దాం. దేశంలో రెండో పెద్ద బెల్లం మార్కెట్ అని అనకాపల్లికి పేరు. ఆ పేరు ఎవరో ఇచ్చింది కాదు. శారదా నది నీళ్ళు, చుట్టుపక్కల చెరకు పొలాలు, తెల్లారుజామున గానుగ దగ్గర పొయ్యి ఎగదోసే మనిషి, పెనంలో రసం మరిగేటప్పుడు మడ్డి తీసే మనిషి, పాకం ఎప్పుడు దించాలో కంటితోనే పట్టే మనిషి, వీళ్ళంతా కలిసి తెచ్చిన పేరు అది. యార్డులో దిమ్మలు వరుసగా పేర్చి ఉంటే రంగు చూసి పాట పాడతారు. ఒకటో రకం, రెండో రకం, మూడో రకం అని ధర కడతారు. దిమ్మ మోసే కళాసీ వీపుకి ఒకటో రకం, మూడో రకం తేడా లేదు. బరువు ఒక్కటే. ఇక్కడి సరుకు ఒడిశా, బెంగాల్ దాకా పోతుంది. 1890లలో తీరం వెంబడి రైలు మార్గం వచ్చాక మన బెల్లానికి దూరం అన్నది తగ్గిపోయింది.

1913లో ఇక్కడే చెరకు పరిశోధన కేంద్రం పెట్టారు. వందేళ్ళు దాటింది. చెరకు రకాల పేర్లలో 'కో ఎ' అని ఉంటుంది చూడండి. 'కో' అంటే కోయంబత్తూరు. 'ఎ' అంటే అనకాపల్లి. ఎక్కడో రైతు పొలంలో విత్తనం ముక్క పాతినా ఆ పేరులో మన ఊరి అక్షరం ఉంటుంది. ఈ సంగతి మన బళ్ళలో ఎంతమంది పిల్లలకు తెలుసు?

అదే ఊరికి ఆనుకొని ఉన్న తుమ్మపాల సహకార చక్కెర మిల్లు మూతబడింది. చెరకు వదిలేసి సరుగుడు, యూకలిప్టస్ వేసుకున్న రైతులు మన ఇళ్ళలోనే ఉన్నారు. కూలి ఖర్చు పెరిగింది, ధర పెరగలేదు. తెల్లగా ఉంటేనే ధర అని వ్యాపారం అంటే రైతు హైడ్రోస్ కలిపాడు. నల్లగా ఉంటే సారాకి పోతుందని కేసులు పెట్టారు. తెల్లగా చేస్తే కల్తీ అన్నారు. మరి రైతు ఏ రంగు బెల్లం వండాలి? బెల్లం మార్కెట్ అనకాపల్లి చరిత్ర అంటున్నాం. ఆ చరిత్ర వర్తమానంలో బతకాలంటే గిట్టుబాటు ధర ఉండాలి. మ్యూజియంలో పెట్టుకోవడానికి దిమ్మ మిగిలితే చాలదు.

ఇప్పుడు మున్సిపాలిటీ సంగతి. 1870ల చివర్లోనే ఈ ఊరికి మున్సిపాలిటీ వచ్చింది. బ్రిటిష్ వాడు ఉత్తినే ఇవ్వలేదు. ఇక్కడ వ్యాపారం ఉంది, పన్ను ఉంది, జనం ఉన్నారు గనుక ఇచ్చాడు. 2011 లెక్కల నాటికి పట్టణ జనాభా 86 వేలు దాటింది. 2013లో మున్సిపాలిటీని తీసుకెళ్ళి మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపేశారు. నూట ముప్పై ఏళ్ళకు పైబడిన పురపాలన ఒక్క ఉత్తర్వుతో వార్డు నెంబర్లైపోయింది. 2021 ఎన్నికల్లో మనం అనకాపల్లి కౌన్సిలర్లకు కాదు, విశాఖ కార్పొరేటర్లకు ఓటు వేశాం. 2022 ఏప్రిల్లో అనకాపల్లి జిల్లా కేంద్రమయ్యింది. బాజాలు మోగించాం, మిఠాయిలు పంచాం. జిల్లా కేంద్రమైన ఆ రోజుకి ఊరికి సొంత మున్సిపాలిటీ లేదు! ఇంటికి యజమానిని చేశారు, వంటింటి తాళం పక్కింట్లో ఉంచారు.

కలపడం మంచిదా, విడిగా ఉండడం మంచిదా అన్న దాని మీద ఈ సభలోనే రెండు అభిప్రాయాలు ఉండొచ్చు. రోడ్లు బాగయ్యాయనే వాళ్ళున్నారు, పన్నులు పెరిగాయనే వాళ్ళున్నారు. మేం అడిగేది అంతకంటే చిన్నది. ఆ మున్సిపాలిటీ పాత రికార్డులు, కౌన్సిల్ తీర్మానాల పుస్తకాలు, వీధుల పాత పటాలు ఊరివాళ్ళు చూసేలా ఉండాలి. ఏ వీధికి మొదట దీపం వచ్చింది, ఏ పేటకు కుళాయి ఆఖరున వచ్చింది అన్నది ఆ పుస్తకాల్లోనే తెలుస్తుంది. వివక్ష ఎక్కడ మొదలయ్యిందో కూడా అక్కడే తెలుస్తుంది.

చివరగా బొజ్జన్నకొండ. ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో శంకరం గ్రామం. శంకరం అన్నది సంఘారామం నుంచి వచ్చిన మాట. అంటే బౌద్ధ భిక్షువులు ఉండే చోటు. 1907-08 ప్రాంతంలో అలెగ్జాండర్ రే అనే అధికారి తవ్విస్తే కొండని తొలిచిన గుహలు, ఇటుక స్తూపం, బుద్ధ విగ్రహాలు, పక్కనే లింగాలకొండ మీద వరుసగా రాతి స్తూపాలు బయటపడ్డాయి. సముద్రగుప్తుడి బంగారు నాణెం దొరికింది. చాళుక్య విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. పదిహేను వందల ఏళ్ళ కిందటే ఇక్కడికి దూరదేశాల డబ్బు, దూరదేశాల ఆలోచన వచ్చి చేరాయన్నమాట. మనది వెనుకబడిన ప్రాంతం అంటారు. వెనక్కి తిరిగి చూస్తే ఎంత ముందున్నామో కనిపిస్తుంది. వెనుకబడలేదు మనం, వెనక్కి నెట్టబడ్డాం.

కానీ ఆ కొండ దగ్గర మనం ఏం చేసేవాళ్ళం? కనుమ నాడు తీర్థానికి పోయి, అక్కడ బొజ్జలా కనిపించే ఆకారాన్ని రాక్షసుడి బొజ్జ అనుకొని రాళ్ళు విసిరేవాళ్ళం. మేమూ విసిరాం. చిన్నప్పుడు జేబునిండా రాళ్ళు ఏరుకొని పోటీలు పడి విసిరాం. గురి తగిలితే చప్పట్లు కొట్టాం. అది స్తూపమని, శాంతి చెప్పినవాడి గుర్తని మాకెవరూ చెప్పలేదు. తీసుకెళ్ళిన పెద్దలకూ ఎవరూ చెప్పలేదు. ఇంటాక్ వంటి సంస్థలు వచ్చి వివరించాక ఆ ఆచారం తగ్గింది. మంచిది. అయితే ఆ రాయి చేతిలోంచి జారినప్పుడు మాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. తన చరిత్ర తనకు తెలియని జనం తన చేత్తోనే దాన్ని కొట్టుకుంటుంది. పరాయివాడు వచ్చి కొట్టాల్సిన పనే లేదు.

అందుకని మిత్రులారా, నాలుగు పనులు అనుకుందాం.

ఒకటి. వీధికి ఇద్దరు చదువుకున్న పిల్లలు, ఆ వీధిలో డెబ్బై దాటిన వాళ్ళందరి మాటలు సెల్‌ఫోన్‌లో రికార్డు చేయాలి. ఇంటిపేర్లు, వృత్తులు, పాటలు, తగవులు అన్నీ. పెద్ద ఇళ్ళతో మొదలుపెట్టొద్దు. చివరి వాడతో మొదలుపెట్టండి.

రెండు. గుడి దగ్గర, మార్కెట్ యార్డు దగ్గర, రైల్వే స్టేషన్ దగ్గర ఊరి చరిత్ర తెలుగులో రాసిన బోర్డులు పెట్టించాలి. అధికారులకు వినతిపత్రం ఇద్దాం. పెట్టకపోతే మనమే చందాలేసుకొని పెడదాం.

మూడు. మున్సిపల్ పాత రికార్డులను భద్రపరిచి జిల్లా కేంద్రంలో జనానికి అందుబాటులో ఉంచమని అడుగుదాం. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. వాడుకుందాం.

నాలుగు. వచ్చే కనుమకి ప్రతి బడి నుంచి పిల్లల్ని బొజ్జన్నకొండకి తీసుకెళ్దాం. రాళ్ళు విసిరిన మేమే దగ్గరుండి వాళ్ళకు స్తూపం చూపిస్తాం, కథ చెప్తాం. అదే మా ప్రాయశ్చిత్తం.

ప్రాంతం అంటే మ్యాపులో గీత కాదు. ఇలాంటి పాలేలు, పేటలు, వాడలు కలిస్తేనే ప్రాంతం. పాలెం గురించి చెప్పలేని నోరు ప్రాంతం గురించి ఎంత అరిచినా ఆ గొంతులో బలం ఉండదు. ఆ రోజు టెంటులో ప్రశ్న అడిగిన కుర్రాడు ఈ సభలోనే ఉన్నాడు. తమ్ముడూ, నీకు సగం జవాబు తెచ్చాం. మిగతా సగం మీ నాయనమ్మ దగ్గర ఉంది. ఈ రాత్రే ఇంటికి పోయి అడుగు.