ఎవరి కొలబద్దతో కొలుస్తున్నాం?



నలభై ఏళ్లు కూరగాయలు అమ్మి, ఏనాడూ చిల్లర లెక్క తప్పని ఒక పెద్దావిడను డాక్టరు ఎదుట కూర్చోబెట్టారనుకుందాం. "అమ్మా, నూట్లోంచి ఏడు తీసేస్తే ఎంత? అందులోంచి మళ్లీ ఏడు తీసేస్తే?" అని అడుగుతారు. తర్వాత పెన్సిలు చేతికిచ్చి ఒక వాక్యం రాయమంటారు. ఒకదాని మీదికొకటి వచ్చిన రెండు పంచభుజాల బొమ్మ చూపించి, అలాగే గీయమంటారు. ఆమె పెన్సిలు పట్టుకోవడం అదే మొదటిసారి. ముప్పై మార్కుల ఈ పరీక్ష 1975లో అమెరికాలో పుట్టింది. మతిమరుపు జబ్బును, అంటే డిమెన్షియాను, పసిగట్టడానికి దీన్ని ప్రపంచమంతా వాడుతోంది. ఇందులో ఆమెకు మార్కులు తగ్గితే ఆ లోటు మెదడుదా, బడిదా? జీవితమంతా పాఠాలు చెప్పిన మాస్టారికి జబ్బు మొదలైన తర్వాత కూడా ఇదే పరీక్షలో మంచి మార్కులే రావచ్చు. లేని జబ్బు అంటగట్టడమూ, ఉన్న జబ్బు కంటపడకపోవడమూ ఒకే కొలబద్ద చేస్తున్న పనులు. మనవాళ్లకు సరిపోయే కొలబద్ద తయారు చేసుకోవడమే డిమెన్షియా పరిశోధనలో మన మొదటి పని అని నేను గట్టిగా నమ్ముతాను.

మన మనుషులను మన చోటే గమనిస్తే ఏం తెలుస్తుందో హైదరాబాద్ ఒకసారి చూపించింది. రెండు భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా ఆలస్యంగా వస్తుందని 2007లో కెనడా పరిశోధకులు చెబితే, వెంటనే ఒక అనుమానం వచ్చింది. అక్కడ రెండు భాషలవారిలో చాలామంది వలస వచ్చినవారు కదా, కారణం భాషా, వలసా, చదువా? ఆ ముడి అక్కడ విప్పడం కష్టం. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే ఊళ్లో అది కొంత తేలికైంది. అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. వారిలో 391 మంది రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలవారు. వారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. అక్షరం ముక్క రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. అంటే దాన్ని చదువు ఖాతాలో వేసేయడానికి వీల్లేదు. రెండు దాటి మూడో భాష, నాలుగో భాష వచ్చినంత మాత్రాన అదనపు మేలు మాత్రం కనబడలేదు.

దీని మీద అభ్యంతరాలున్నాయి, అవి సరైనవే. ఇది ఒక ఆసుపత్రికి వచ్చినవారి లెక్క. జబ్బు ఎప్పుడు మొదలైందన్నది ఇంట్లోవాళ్ల జ్ఞాపకం మీద ఆధారపడింది. ఆరోగ్యంగా ఉన్నవారిని ఏళ్ల తరబడి వెంబడించిన కొన్ని విదేశీ అధ్యయనాల్లో ఈ మేలు తేలలేదు. అందుకే రెండో భాష నేర్చుకుంటే జబ్బు రాదని నేను చెప్పడం లేదు. వేరేచోట తేల్చడం కష్టమైన ప్రశ్నను ఇక్కడ అడగగలిగారు. నాకు ముఖ్యమనిపించింది అది.

మందులు వచ్చేశాయి కదా, ఇంకా ఈ ప్రశ్నపత్రాల గొడవెందుకని అడిగేవారూ ఉన్నారు. లెకానెమాబ్ అనే మందు సంగతి చూద్దాం. 1795 మంది మీద 18 నెలలు జరిగిన పరీక్షలో, డమ్మీ మందు తీసుకున్నవారికన్నా దీన్ని తీసుకున్నవారిలో క్షీణత 27 శాతం నెమ్మదించింది. వినడానికి పెద్ద సంఖ్యే. పద్దెనిమిది పాయింట్ల కొలతలో ఆ తేడా అర పాయింటు కూడా లేదు. కొందరిలో మెదడు వాపు, రక్తస్రావం కనిపించాయి. పైగా అది జబ్బు తొలిదశలో ఉన్నవారికే. తొలిదశను పట్టుకోవాలంటే మళ్లీ కొలబద్ద దగ్గరికే రావాలి. రక్తపరీక్ష ఆ పని చేస్తుందనే ఆశ నిజమైనదే. పి-టావు217 అనే ప్రోటీన్‌ను రక్తంలో కొలిచే పద్ధతులు బాగా పదునెక్కాయి. కానీ కిడ్నీలు దెబ్బతిన్నవారిలో ఆ ప్రోటీన్ మోతాదు మెదడు జబ్బుతో సంబంధం లేకుండానే పెరగవచ్చని తేలింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎన్ని ఇళ్లలో కిడ్నీ రోగులున్నారో మీకు తెలుసు. ఇంకెక్కడో గీసిన గీతతో అక్కడి రక్తాన్ని కొలిస్తే వచ్చే జవాబును నమ్మగలమా?

అన్నిటికన్నా నన్ను బాధపెట్టే వాదం ఇంకొకటుంది: "నయం కాని జబ్బును ముందే కనిపెట్టి ఏం లాభం?" మన ఇళ్లలో ఈ జబ్బుకు చాదస్తం అనే పేరు సిద్ధంగా ఉంటుంది. ఆ ఒక్క మాటతో పెద్దవాళ్ల మతిమరుపు డాక్టరుదాకా వెళ్లకుండానే ఆగిపోతుంది. కానీ బి12 లోపం వల్ల, థైరాయిడ్ తగ్గడం వల్ల వచ్చే మతిమరుపును వేళకు గుర్తిస్తే సూదిమందుతో, మాత్రతో చాలావరకు సరిచేయవచ్చు. బీపీ, షుగరు, వినికిడి లోపం లాంటి పద్నాలుగు కారణాలను అదుపు చేయగలిగితే ప్రపంచంలోని డిమెన్షియాలో దాదాపు 45 శాతాన్ని ఆపడమో, వాయిదా వేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ కమిషన్ అంచనా వేసింది. మన దేశంలో అరవై దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని అంచనా. వాళ్లలో ఎక్కువమందికి తమ జబ్బు పేరు చెప్పినవారే లేరు.

భారత వైద్య పరిశోధన మండలి తయారు చేయించిన డిమెన్షియా పరీక్షలు ఇప్పుడు ఐదు భారతీయ భాషల్లో ఉన్నాయి. వాటిలో తెలుగు ఒకటి. ఇలాంటి పరీక్షలు తయారు చేసే పనికి డాక్టర్లు మాత్రమే చాలరు. ఈ హాల్లో ఉన్న భాషాశాస్త్రం, గణాంకం, మనస్తత్వశాస్త్రం, నర్సింగ్ విద్యార్థులందరూ కావాలి. నల్లటి పశువు బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే గుంటూరు అవ్వ గేదె అంటుంది, వరంగల్ అవ్వ బర్రె అంటుంది, అనంతపురం అవ్వ ఎనుము అంటుంది. ముగ్గురికీ మార్కు పడాలి.