కన్నీళ్లు ఈమాన్‌కు కొదవ కాదు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో సాధారణంగా పిల్లల చదువు గురించి, ఉపాధి గురించి, జకాత్ లెక్కల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి నిర్వాహకులు నాకు దుఃఖం అనే అంశం ఇచ్చారు. కాలానికి తగిన అంశమే. 2020, 2021లో కరోనా మన మొహల్లాల్లో ఎన్ని తలుపులు తట్టిందో మీకు తెలుసు. నలుగురైదుగురితోనే జనాజా నమాజులు ముగిశాయి. గల్ఫ్‌లో ఉన్న కొడుకులు కన్నతండ్రి ఖననాన్ని ఫోనులో చూసి సరిపెట్టుకున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగింది. గజా నుంచి వచ్చే దృశ్యాలనైతే చూసి చూసి, ఇప్పుడు వేలితో పక్కకు నెట్టేసే స్థితికి వచ్చాం. నా భయం అక్కడే. ఏడ్చే మనసు గురించి దిగులు అక్కర్లేదు. ఏడవడం మరచిపోయిన మనసు గురించే దిగులు పడాలి.

మనలో ఒక అపోహ పాతుకుపోయింది. ఆప్తులు పోయిన మనిషి కంటతడి పెడితే, ‘సబర్ చెయ్యి, ఇది అల్లాహ్ రజా, ఏడవకూడదు’ అంటాం. మగవాడైతే మరీనూ. చెప్పేవారి ఉద్దేశం మంచిదే. కానీ సహనం అంటే కన్నీళ్లు లేకపోవడం అని మనకెవరు నేర్పారు?

దైవప్రవక్త ముహమ్మద్ (స) కుమారుడు ఇబ్రాహీం రెండేళ్లు కూడా నిండకుండానే మదీనాలో కన్నుమూశాడు. పాలిచ్చిన తల్లి భర్త అబూ సైఫ్ ఒక కమ్మరి. ఆ ఇంట్లోనే ఆ బాబు పెరిగాడు. చివరి ఘడియల్లో ఉన్న బిడ్డను చూసి దైవప్రవక్త (స) కళ్లు చెమర్చాయి. ‘మీరు కూడానా?’ అని అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యపోయారు. ఇది కారుణ్యం అని ఆయన (స) సమాధానమిచ్చారు. కళ్లు నీరు కారుస్తాయనీ, హృదయం బాధపడుతుందనీ, నోటితో మాత్రం ప్రభువుకు నచ్చని మాట అనబోమనీ వివరించారు. సహనానికి హద్దు అక్కడ ఉంది. గుండెలు బాదుకోవడం, బట్టలు చించుకోవడం, విధిని తిట్టడం కూడదు. కన్నీటికి మాత్రం అభ్యంతరం లేదు.

అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుని మరణం వల్లే సూర్యుడు మసకబారాడని జనం అనుకున్నారు. ఎవరి చావుపుట్టుకల వల్లా గ్రహణాలు రావని ఆయన (స) వెంటనే సరిదిద్దారు. కొడుకు పోయిన రోజున కూడా అబద్ధపు ఓదార్పును దగ్గరకు రానివ్వలేదు.

దివ్య ఖుర్ఆన్‌లోని 12వ సూరా యూసుఫ్ చూడండి. బిడ్డను పోగొట్టుకున్న హజ్రత్ యాఖూబ్ (అలై) కళ్లు దుఃఖంతో తెల్లబడ్డాయి. ఇంకా ఎన్నాళ్లీ తలపోత అని కొడుకులే విసుక్కున్నారు. తన బాధను అల్లాహ్‌కే చెప్పుకుంటున్నానని ఆయన జవాబిచ్చారు. ఆ వెంటనే, వెళ్లి యూసుఫ్‌నూ అతని తమ్ముణ్నీ వెతకండి, దైవకారుణ్యం పట్ల నిరాశ చెందకండి అని కొడుకులను పురమాయించారు. అంతటి దుఃఖంలోనూ ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఏడుస్తూనే ఆశ నిలుపుకున్నారు.

ఇప్పుడు మన బాధ్యత సంగతికి వస్తాను. ముతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులైనప్పుడు, ఆయన ఇంటివాళ్లు బాధలో ఉన్నారు, వాళ్లకు అన్నం వండి పంపండి అని దైవప్రవక్త (స) ఆదేశించారు. సున్నత్ ఇది. మన దగ్గర జరుగుతున్నదేమిటి? చాలాచోట్ల మయ్యత్ అయిన ఇంటివాళ్లే అప్పు చేసి ఊరికి వడ్డిస్తున్నారు. నలభయ్యోరోజు కార్యక్రమం ఉండాలా వద్దా అన్న చర్చ ఉలమాలకు వదిలేద్దాం. దుఃఖంలో ఉన్న ఇంటిని అప్పులపాలు చేసే విందును మాత్రం మనమెవరమూ ఆశించకూడదు.

మన సాయం కఫన్, దఫన్ దగ్గరే ఆగిపోతోంది. మూడు రోజులు ఇల్లు నిండా జనం. నాలుగో రోజు నుంచి ఎవరూ ఉండరు. భర్త పోయిన స్త్రీకి ఇద్దత్ 4 నెలల 10 రోజులు. కూలి మీద బతికే ఇంట్లో ఆ రోజులు ఎలా గడుస్తాయో ఆలోచించండి. ఇంటి అద్దె కట్టాలి, పిల్లల ఫీజు కట్టాలి. మరణ ధ్రువపత్రం తేవాలి, వితంతు పింఛనుకు దరఖాస్తు పెట్టాలి. పోయినవారికి అప్పుందా అని విచారించాలి. ఒక మయ్యత్‌కు అప్పు ఉందని తెలిసినప్పుడు, ఆ భారం తనదని అబూ ఖతాదా (రజి) ఒప్పుకున్న తర్వాతే దైవప్రవక్త (స) జనాజా నమాజ్ చేయించారు. మన దాతలు ఇద్దత్ గడువంతా ఒక్కో ఇంటిని తమదిగా అనుకుంటే చాలు. సరుకుల సంచితో పాటు ఒక అరగంట కూడా ఇవ్వండి. ఆడవాళ్లు లోపలికి వెళ్లి ఆమె పక్కన కూర్చోండి. ఆమె చెప్పేది వినండి. సలహా అక్కర్లేదు.

మీ ఇంటి దుఃఖానికీ ఇందులో దారి ఉంది. హజ్రత్ ఖదీజా (రజి) వెళ్లిపోయిన ఏళ్ల తర్వాత కూడా, మేకను కోసినప్పుడు ఆమె స్నేహితురాళ్లకు వాటా పంపేవారు దైవప్రవక్త (స). తల్లిని పోగొట్టుకున్న సఅద్ బిన్ ఉబాదా (రజి) ఆమె పేరున దానం చేస్తే ఆమెకు పుణ్యం అందుతుందా అని అడిగారు. అందుతుందని తెలిసి తన తోటనే దానమిచ్చేశారు. మీరూ పోయినవారిని తలచుకుని ఒక యతీము చదువు, ఒక బోరుబావి, ఒక రోగి మందులు మీ మీద వేసుకోండి. సదఖయే జారియా అంటే ఇదే.

మనసు రాయి అయిపోయిందని ఫిర్యాదు చేసిన మనిషికి దైవప్రవక్త (స) చెప్పిన మందు రెండే మాటలు: అనాథ తల నిమురు, పేదకు అన్నం పెట్టు. ఈ కాలంలో మన గుండెలు తడారిపోకుండా కాపాడేది ఆ మందే.

మనల్ని వీడిపోయినవారికి అల్లాహ్ మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక! మిగిలినవారికి మంచి సహనాన్ని, ఒకరి కన్నీరు ఒకరు తుడిచే మనసును ప్రసాదించుగాక! ఆమీన్.