సదుద్దేశం, ఆత్మవంచన, అణువిద్యుత్తు



ఎవరి స్మృతిలో ఈ రోజు మనం కలుసుకున్నామో ఆ మాస్టారు జీవితమంతా భౌతికశాస్త్రం చెప్పారు. అంకె రాసి ప్రమాణం రాయని విద్యార్థికి ఆయన మార్కు వేసేవారు కాదని శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పట్టింపును గౌరవిస్తూ, మన కాలపు పెద్ద ప్రశ్నల్లో ఒకదాన్ని మీ ముందు పెడుతున్నాను. వేడెక్కుతున్న భూమిని కాపాడుకోవడానికి అణువిద్యుత్తు దారేనా?

ఈ ప్రశ్న దగ్గర రెండు పక్షాలున్నాయి. రెంటిలోనూ ఉన్నది ఎక్కువగా మంచివాళ్లే. ఒకరు మనవల కాలానికి బతకదగ్గ భూమి మిగలాలని రియాక్టర్లు కట్టమంటారు. ఇంకొకరు అదే మనవల కోసం వద్దంటారు. నా భయమల్లా ఈ మంచితనం గురించే. అబద్ధం చెప్పేవాడికి నిజమేమిటో తెలుసు. తన్ను తాను మోసం చేసుకునేవాడు ఆ నిజం లోపలికి వచ్చే దారులన్నీ ముందే మూసేసుకుంటాడు. దురుద్దేశం ఉన్నవాణ్ణి లోకం ఒక కంట కనిపెడుతుంది. సదుద్దేశం ఉన్నవాణ్ణి ఎవరూ నిలదీయరు, తన్ను తాను కూడా నిలదీసుకోడు.

ముందు అణువిద్యుత్తుకు దక్కవలసిన న్యాయం చేద్దాం. 2014లో ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం, అంటే ఐపీసీసీ, వేసిన అంచనాలో గనినుంచి మూసివేత దాకా అన్నీ కలుపుకుంటే ఒక యూనిట్ బొగ్గు కరెంటుకు 820 గ్రాముల కర్బన ఉద్గారాలు, అణువిద్యుత్తుకు 12 గ్రాములు. గాలిమరలదీ దాదాపు అంతే. 1973 చమురు సంక్షోభం తర్వాత ఫ్రాన్స్ పట్టుబట్టి రియాక్టర్లు కట్టింది. నేటికీ ఆ దేశపు కరెంటులో సుమారు మూడింట రెండు వంతులు వాటినుంచే వస్తోంది. మన దేశంలో దాదాపు ముప్పావు వంతు కరెంటు బొగ్గుది, అణువిద్యుత్తు వాటా 3 శాతం దగ్గర ఉంది. బొగ్గు పొగ ఏటా ఎన్ని ఊపిరితిత్తుల్ని తినేస్తోందో తలుచుకుంటే అణువిద్యుత్తును ఒక్కమాటలో కొట్టిపారేయడం న్యాయం కాదు.

ఇక అనుకూల పక్షం చేసుకుంటున్న ఆత్మవంచన. అది తేదీల దగ్గర, ఖర్చుల దగ్గర ఉంది. 1987 నాటికి దేశంలో 20 నుంచి 25 వేల మెగావాట్ల అణువిద్యుత్ సామర్థ్యం ఉంటుందని హోమీ భాభా 1962లో అంచనా వేశారు. ఆయన మేధనూ దేశభక్తినీ శంకించేవారు లేరు. 1974 పోఖ్రాన్ అణు పరీక్ష తర్వాత విదేశీ సహకారం ఆగిపోయింది కనుక ఆ అంచనా తప్పడానికి కారణం చెప్పుకోవచ్చు. కానీ ఆంక్షలున్నాయని తెలిసి కూడా 1984లో మరో లక్ష్యం పెట్టుకున్నాం: 2000 నాటికి 10 వేల మెగావాట్లు. ఆ ఏడు వచ్చేసరికి ఉన్నది 3 వేలకు లోపే. ఇప్పటికీ 9 వేలు దాటలేదు. 2047కల్లా లక్ష మెగావాట్లు అన్నది నేటి లక్ష్యం. పెద్ద లక్ష్యం పెట్టుకోవడం తప్పని నేననను. వెనకటి లక్ష్యాలు ఎందుకు నెరవేరలేదో తేల్చకుండా కొత్త అంకె ప్రకటించడం మాత్రం తప్పు.

ఇది మన ఒక్కరి జబ్బూ కాదు. ఫ్రాన్స్‌లోనే ఫ్లామన్‌విల్ మూడో రియాక్టర్ పని 2007లో మొదలై, 2024 చివరికి గాని గ్రిడ్‌కు కరెంటు ఇవ్వలేదు. అమెరికాలో వోగ్టల్ దగ్గర రెండు రియాక్టర్లు 2016, 2017 నాటికి రావలసినవి 2023, 2024లలో వచ్చాయి. సుమారు 14 వందల కోట్ల డాలర్లనుకున్న ఖర్చు 3 వేల కోట్లు దాటింది. ఈ పనుల భారంతోనే రియాక్టర్ల తయారీ సంస్థ వెస్టింగ్‌హౌస్ 2017లో దివాలా రక్షణ కోరింది. వోగ్టల్‌లో కట్టింది ఏపీ1000 నమూనా. మన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు కడతామంటున్నదీ అదే నమూనా.

రెండో పక్షం ఆత్మవంచనకు జర్మనీ సాక్ష్యం. జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత ఆ దేశం రియాక్టర్లను 2022కల్లా మూసేయాలని నిశ్చయించుకుంది. బొగ్గుకు మాత్రం 2038 దాకా గడువిచ్చింది. 2023 జనవరిలో లిగ్నైట్ బొగ్గు గని విస్తరణ కోసం ల్యూట్సెరాట్ అనే పల్లెను పోలీసుల కాపలాలో ఖాళీ చేయించారు. అదే ఏడు ఏప్రిల్ 15న, చక్కగా నడుస్తున్న చివరి మూడు రియాక్టర్లను ఆపేశారు. ఈలోగా అక్కడ గాలి, సౌర విద్యుత్తు బాగా పెరిగింది, బొగ్గు వాడకమూ తగ్గింది. ఆ మాట ఒప్పుకోవాలి. అయితే ముందు బొగ్గును, తర్వాత రియాక్టర్లను ఆపి ఉంటే బొగ్గు ఇంకా ఎంతో తగ్గేది. కంటికి కనిపించని రేడియేషన్ మీది భయం, రోజూ పీల్చే పొగను మరిపించింది.

సదుద్దేశానికీ జాగ్రత్తకూ ఉన్న తేడాను జపాన్ ఒకే రోజున చూపించింది. 2011 మార్చి 11న వచ్చిన సునామీ ఫుకుషిమా డాయీచీ కేంద్రాన్ని ముంచింది. కట్టేటప్పుడు అక్కడ 35 మీటర్ల ఎత్తున్న గట్టును 10 మీటర్లకు తవ్వేశారు. పదిహేను మీటర్లు దాటే కెరటం రావచ్చని ఆ కేంద్రాన్ని నడిపే సంస్థ సొంత లెక్కల్లోనే 2008లో తేలింది. ఇంకా అధ్యయనం చేద్దామంటూ పక్కన పెట్టారు. లక్షన్నర మందికి పైగా ఊళ్లు విడిచారు. రేడియేషన్ వల్ల చనిపోయారని ప్రభుత్వం ఒప్పుకున్నది ఒక్కరి విషయంలోనే. తరలింపు బాధలతో, ఆసుపత్రులు మారే ప్రయాసతో పోయినవాళ్లు మాత్రం ఫుకుషిమా ఒక్క ప్రిఫెక్చర్‌లోనే 2 వేలకు పైగా. ఇది మనుషులు చేసిన ప్రమాదమేనని కురొకావా అధ్యక్షతన పార్లమెంటు వేసిన స్వతంత్ర సంఘం 2012లో తేల్చింది.

ఆ సునామీని రేపిన భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరగా ఉన్నది ఒనగావా అణు కేంద్రం. దాని రూపకల్పన నాడు హిరాయి యనోసుకె అనే ఇంజనీరు, 869వ సంవత్సరపు సునామీని గుర్తుచేసి, 14.8 మీటర్ల ఎత్తున కట్టాలని పట్టుబట్టారు. అంత ఎత్తు దండగన్నారు తోటివాళ్లు. 2011లో సుమారు 13 మీటర్ల కెరటం వచ్చింది. కేంద్రం నిలబడింది. ఇళ్లు కొట్టుకుపోయిన చుట్టుపక్కల జనం మూడు వందల మందికి పైగా ఆ అణు కేంద్రం ఆవరణలోనే తలదాచుకున్నారు. రెండు చోట్లా ఒకటే సముద్రం, ఒకటే దేశం. దేశానికి వెలుగివ్వాలన్న కోరికా ఒకటే. ఒక చోట, తనకు నచ్చని అంకెను కూడా ఒప్పుకోగల మనిషి ఉన్నాడు.

మన గడ్డకు వద్దాం. శ్రీకాకుళం తీరం మన ఇంధన ఆశలన్నిటినీ మోసిన తీరం. సోంపేట బీల అనే చిత్తడి నేలల్లో బొగ్గు విద్యుత్ కేంద్రం వద్దన్న రైతులు, మత్స్యకారులు 2010లో పోలీసు కాల్పులకు బలయ్యారు. మరుసటేడు కాకరాపల్లిలోనూ అదే జరిగింది. కొవ్వాడ మత్స్యకారులు ఏళ్ల తరబడి ఊరు ఉంటుందో పోతుందో తెలియక బతుకుతున్నారు. ఇల్లు బాగుచేసుకోవాలా, పడవ కొత్తది కొనాలా అన్నది కూడా వాళ్లకు తేలని ప్రశ్న. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని వ్యర్థాల చెరువు పక్క పల్లెల రైతులు, బోరు నీళ్లు పాడయ్యాయని మొత్తుకుంటూ వచ్చారు. పన్నెండు గ్రాముల లెక్కలో ఈ నీళ్లూ ఈ నిరీక్షణా రావు.

ఈలోగా కర్నూలు జిల్లాలో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లోనే పూర్తయింది. అయితే సౌర పక్షానికీ ఆత్మవంచన తగదు. రాత్రి ఎండ ఉండదు. వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఏడాదిలో ఇచ్చే కరెంటు, అంతే సామర్థ్యమున్న రియాక్టర్ ఇచ్చేదానిలో మూడో వంతుకు మించదు. నిల్వకు అయ్యే ఖర్చును కలపకుండా చౌక అనడం, ఆలస్యానికి అయ్యే వడ్డీని కలపకుండా అణువిద్యుత్తు చౌక అనడం, రెండూ ఒకే తప్పు.

నా తీర్పు ఇది. భద్రంగా నడుస్తున్న రియాక్టర్లను బొగ్గు కంటే ముందు మూయకూడదు. కొత్తవాటిని ఇచ్చిన మాటతో కాక, ఇంతకుముందు కట్టినవి ఎన్నేళ్లకు, ఎంత ఖర్చుతో పూర్తయ్యాయన్నదాంతో తూచాలి. అదే డబ్బు, అదే కాలం మరో దారిలో పెడితే ఎంత బొగ్గు ఆగుతుందో పక్కన చూపాలి. అణు నియంత్రణ మండలికి తగిన స్వతంత్రత లేదని 2012లో కాగ్ ఎత్తిచూపింది. చట్టంలో ఏ హోదా రాసినా, కాదనాల్సిన చోట కాదనగలిగినప్పుడే అది నియంత్రణ. ముప్పు మోసే ఊరివాళ్ల చేతికి భద్రతా నివేదికలు తెలుగులో, నిర్ణయానికి ముందే అందాలి. ఈ షరతులకు ఒప్పుకోని ప్రాజెక్టు ఎంత మంచి పేరుతో వచ్చినా ఒప్పుకోకూడదు.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు, కొందరు ఉద్యమాల్లోకి వెళతారు, కొందరు ప్రభుత్వ కుర్చీల్లో కూర్చుంటారు. ఎక్కడున్నా, మీ పక్షానికి ఇబ్బంది కలిగించే అంకెను ముందు మీరే వెతకండి, మీరే బయటపెట్టండి. వాతావరణం మన ఉద్దేశాలను లెక్కలోకి తీసుకోదు. గాల్లో కలిసిన కర్బనాన్నే లెక్కిస్తుంది.