పిల్లలకు బొమ్మల కథల పిచ్చి ఎట్లా పట్టుకుంటుంది?
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం "పిల్లలు - పఠనాసక్తి". అంశం చాలా పెద్దది, ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు. అందువలన దానిలో ఒక చిన్న ముక్క మాత్రం తీసుకుంటున్నాము. బొమ్మల కథల పుస్తకాలు, అనగా కామిక్సు. వాటికి అభిమానులు మొట్టమొదట ఎట్లా తయారవుతారు? ఈ ముక్కనే ఎందుకు ఎంచుకున్నామో కార్యవర్గం వారికి తెలుసు. మన పఠన మందిరానికి కొనవలసిన పుస్తకాల జాబితా వ్రాస్తున్నప్పుడు కామిక్సు అనే మాట రాగానే నవ్వులు వినిపించాయి. "మన చందాల పైసలు బొమ్మలకా?" అని ఒక పెద్దాయన అడిగారు. ప్రతి రూపాయికి లెక్క చెప్పవలసిన సంస్థలో ఆ ప్రశ్న అడగవలసిందే. దానికి మాకు తోచిన జవాబు చెప్పడానికే లేచాము.

ముందుగా ఒక పిల్లవాని సంగతి చెప్పాలి. ఆబిద్ సుర్తీ పేరు మీలో కొందరు వినే ఉంటారు. 1935లో గుజరాతులో పుట్టి, బొంబాయి డోంగ్రీ ప్రాంతపు పేదరికంలో పెరిగినవాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. రేవు నుండి సైనికులను ఎక్కించుకుని రైలు పోతుంటే, పేటలోని పిల్లలంతా దాని వెంట పరుగెత్తేవారట. సైనికులు తినుబండారాలు, చాక్లెట్లు విసిరేవారు. ఒకనాడు ఒక సైనికుడు కామిక్ పుస్తకం విసిరాడు. పిల్లలందరూ ఒక్కసారి దానిమీద పడ్డారు. ఇంకేముంది, పుస్తకం ముక్కలు ముక్కలయింది. సుర్తీ చేతికి చిక్కింది ఒక్క కాగితం. దానిమీద ఉన్నది మిక్కీ మౌస్.

ఈ విషయం ఆయనే చాలా చోట్ల చెప్పుకున్నారు. ఆ కాగితం ఇంటికి తీసుకుపోయి, చూసి చూసి, అట్లాగే గీయడం మొదలుపెట్టాడు. కథకు మొదలు లేదు, చివర లేదు. ఎవరూ చదవమని చెప్పలేదు, కొని ఇవ్వలేదు. తరువాత ఆయన ధర్మయుగ్ పత్రికలో డబ్బూజీ అనే కార్టూను ఏళ్ల తరబడి నడిపారు, నవలలు వ్రాశారు, కథల పుస్తకానికి 1993లో జాతీయ పురస్కారం అందుకున్నారు. 2007లో నీటి పొదుపు కోసం ఒక సంస్థ పెట్టి, ఆదివారం ఆదివారం ప్లంబరును వెంటబెట్టుకుని ఇంటింటికీ పోయి కారే కుళాయిలకు ఉచితంగా మరమ్మతు చేయించారు. సంక్షేమ సంఘాల వాళ్ళము గనుక ఈ చివరి ముక్క చెప్పకుండా ఉండలేకపోయాము.

మా వాదన అంతా ఆ ఒక్క కాగితం మీదనే ఆధారపడి ఉన్నది. మాకు తెలిసిన కామిక్సు అభిమానులను, మా తోటివారిని, మా తరువాతివారిని, మీ మొదటి పుస్తకం ఏదని అడిగి చూశాము. కొత్త పుస్తకం, పూర్తి పుస్తకం, నాన్న కొనిచ్చినది అని చెప్పినవారు బహు తక్కువ. బంధువుల ఇంట్లో మంచం క్రింద దొరికింది, రైలు పెట్టెలో ఎవరో వదిలేసి పోయారు, పల్లీలు కట్టి ఇచ్చిన కాగితం, క్షౌరశాలలో మన వంతు వచ్చేలోపల సగం చదివింది - ఇవే జవాబులు. ఏదో ఒకటి తక్కువైన పుస్తకమే పిల్లవాణ్ణి పట్టుకుంటుంది. అట్ట లేదు గనుక పేరు తెలియదు. చివరి పేజీ లేదు గనుక వీరుడు బ్రతికాడో లేదో తెలియదు. ఆ తెలియకపోవడమే వాణ్ణి మళ్ళీ వెతికిస్తుంది.

బొమ్మల కథ నిర్మాణమే అటువంటిది. ఒక గడిలో మనిషి గోడ మీద నుండి దూకబోతున్నాడు, పక్క గడిలో నేల మీద ఉన్నాడు. దూకడం ఎక్కడా గీయలేదు. దూకించింది చదివే పిల్లవాడు. సినిమాలో ఆ పని యంత్రం చేసిపెడుతుంది, ఇక్కడ బుర్రే చేసుకోవాలి. మన చందమామ వారికి ఈ కిటుకు బాగా తెలుసు. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో బేతాళ కథ ప్రతి నెలా ఒక చిక్కు ప్రశ్నతో ఆగేది. విక్రమార్కుడు జవాబు చెప్పేవాడు, బేతాళుడు మళ్ళీ చెట్టెక్కేవాడు. పై నెల వరకు పిల్లలు కూడా ఆ చెట్టు క్రిందనే కాచుకుని ఉండేవారు.

అమెరికాలో సంగతి వేరు అనుకుంటారేమో. అక్కడ 1933లో కామిక్ పుస్తకం పుట్టిందే ఉచితంగా పంచే సరుకుగా. సబ్బుల కంపెనీ కూపన్లు పంపినవారికి బహుమతిగా ఇచ్చేవారు. మాక్స్‌వెల్ గెయిన్స్ అనే అమ్మకందారు కొన్ని ప్రతులకు పది సెంట్ల చీటీ అంటించి పత్రికల దుకాణంలో పెట్టి చూశాడనీ, రెండు మూడు రోజులలోనే అన్నీ అమ్ముడుపోయాయనీ చెబుతారు. ఊరికే వచ్చినదానితో రుచి మరిగిన తరువాతనే పైసలు బయటకు వచ్చాయన్నమాట.

మన దేశంలో 1964 మార్చిలో టైమ్స్ ఆఫ్ ఇండియా వారు ఇంద్రజాల్ కామిక్స్ మొదలుపెట్టారు. అమెరికా రచయిత లీ ఫాక్ 1936లో సృష్టించిన ఫాంటమ్ దానిలో ముఖ్య నాయకుడు. హిందీలో వాడికి వేతాళ్ అని పేరు పెట్టారు. మా కాలం పిల్లలకు ఇది పెద్ద తికమక. చందమామ బేతాళుడేమో శవంలో దూరి చెట్టుకు వ్రేలాడేవాడు, ఈ వేతాళ్ ఏమో ముసుగు వేసుకుని తెల్ల గుర్రం మీద తిరిగేవాడు! ఇంకో తమాషా ఏమంటే, అసలు కథలో ఫాంటమ్ ఉండే దేశం పేరు మన బెంగాలును తలపించేది. ఇక్కడివారు దానిని డెంకాలీ అని మార్చి అచ్చువేశారు.

ఆ పుస్తకాలు కొనే స్తోమత మన ఇళ్ళలో ఎందరికి ఉండేది? మా వీధి చివర అద్దె పుస్తకాల బడ్డీ ఒకటి ఉండేది. దారం కట్టి పుస్తకాలు వ్రేలాడదీసేవాడు. రోజుకు పది పైసలు. ఒకడు అద్దెకు తెస్తే ఐదుగురం చదివేవాళ్ళము, నలుగురు భుజాల మీదుగా తొంగిచూస్తూ. ముందువాడు పేజీ త్వరగా తిప్పితే తగాదా. చేతులు మారి మారి పుస్తకం అంచులు నల్లబడేవి, మధ్య పేజీలు ఊడిపోయేవి. ఆ ఊడిన పేజీలలో ఏమి జరిగి ఉంటుందని మేమే కథ చెప్పుకునేవాళ్ళము. ఒక్కొక్కడిది ఒక్కొక్క కథ. చివరకు మంచి ప్రతి దొరికినప్పుడు అసలు కథ కొంచెం చప్పగా కూడా అనిపించేది! అభిమానం ముదిరేది ఇక్కడనే. ఒంటరిగా చదివినవాడికి ఇష్టం కలుగుతుంది. మార్చుకోవడానికి, వాదించడానికి ఇంకొకడు తోడైతే అది పిచ్చి అవుతుంది.

1976లో అదే ఇంద్రజాల్‌లో ఒక కొత్త నాయకుడు వచ్చాడు. పేరు బహాదుర్. కాషాయ రంగు కుర్తా, జీన్సు ప్యాంటు. తండ్రి బందిపోటు, కొడుకు మాత్రం బందిపోట్లను ఎదిరించేవాడు. ముసుగు లేదు, మాయలు లేవు, చంబల్ లోయ దుమ్ములో తిరిగే మనిషి. అప్పటిదాకా అడవి మనుష్యులను ఏలే తెల్లదొర కథలే చదివిన మాకు (ఫాంటమ్ కథలలోని ఈ లోపం పెద్దయ్యాకనే అర్థమయింది) మన దుస్తులు వేసుకున్న వీరుడు ఎంత దగ్గరగా అనిపించాడో చెప్పలేము. బహాదుర్‌ను సృష్టించింది ఎవరనుకున్నారు? ఆ రైలు వెంట పరుగెత్తిన ఆబిద్ సుర్తీయే. గోవింద్ బ్రాహ్మణియా బొమ్మలు గీశారు.

మన తెలుగులో కూడా బుజ్జాయి గారు ఉండేవారు. కవి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి. ఆంధ్ర పత్రిక వీక్లీలో ఆయన గీసిన డుంబు చూడటానికి పత్రికను వెనుక నుండి తిరగేసినవారు ఈ సభలోనూ ఉండి ఉంటారు. 2022లో కన్నుమూశారు.

ఇక మన ఇళ్ళ సంగతి. ఇది మిగతావారికంటే మనకు ఎక్కువ అవసరమైన విషయం గనుక కాస్త నిలబడి చెబుతాము. ఇంట్లో మనం మాట్లాడేది ఉర్దూ. పిల్లవాడు చేరేది తెలుగు మీడియం బడి, ఈ రోజులలో ఇంగ్లీషు మీడియం. ఒకటో తరగతిలోనే వాడికి భాష కొత్త, అక్షరం కొత్త. వాచకంలో మాట అర్థం కాకపోతే అడగడానికి ఇంట్లో అమ్మీకి ఆ లిపి రాదు. బొమ్మల పుస్తకంలో అట్లా కాదు. "పారిపో!" అని వ్రాసి ఉన్నచోట పారిపోతున్న మనిషి బొమ్మ ఉంటుంది. ఆ మాట అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు. ఢిల్లీ నుండి షమా వారి ఖిలౌనా పత్రిక వస్తున్న రోజులలో ఉర్దూ పిల్లలకు అదొక ఊతంగా ఉండేది. అది ఆగి కూడా చాలా కాలమయింది. మేము తెలుగు చదవడం బడిలో మొదలుపెట్టామన్నమాటే గాని, ఆగకుండా చదవడం వచ్చింది మాత్రం ఇటువంటి పుస్తకాల వల్లనే.

పెద్దల అభ్యంతరాలు మాకు తెలియనివి కావు. చదువు పాడవుతుందంటారు, కొట్లాటలు నేర్చుకుంటారంటారు. బొమ్మల విషయంలోనే కొందరికి మనసొప్పదు, ఆ పట్టింపును మేము గౌరవిస్తాము. కొట్లాటల భయం మాత్రం ఒక్క మన మొహల్లాదే కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్‌లో 1948లో పిల్లల చేతనే కామిక్సు కుప్పపోయించి తగులబెట్టించారు. 1954లో ఫ్రెడ్రిక్ వెర్థామ్ అనే డాక్టరు గారు నేరాలకు కామిక్సే కారణమని పెద్ద గ్రంథం వ్రాస్తే దేశమంతా గగ్గోలు పుట్టింది. 2012లో కెరోల్ టిల్లీ అనే పరిశోధకురాలు ఆయన కాగితాలు పరిశీలించి, పిల్లలు చెప్పిన మాటలను ఆయన తన వాదానికి తగినట్లు మార్చుకున్నారని బయటపెట్టారు. అట్లాగని ప్రతి కామిక్ పుస్తకం మంచిదని మేము అనము. చెత్త చాలా ఉంది. రక్తం కారే బొమ్మలు, ఆడవారిని చులకన చేసే బొమ్మలు కార్యవర్గం వారు చూసి ప్రక్కన పెట్టవలసిందే. ప్రక్కన పెట్టడం వేరు, అర మొత్తం ఖాళీగా ఉంచడం వేరు.

ఆడపిల్లల మాట ఒకటి. బడ్డీ దగ్గరకు పోయేది మగపిల్లలు. అన్న చదివి పడేసిన పుస్తకం వంటింటి గడప దగ్గర కూర్చుని చెల్లెలు చదివేది. అంటే మన ఇళ్ళలో చిరుగులు మరీ ఎక్కువైన ప్రతులు వచ్చింది వాళ్ళకే! వారి అభిమానం ఎవరి లెక్కలోకీ రాలేదు. 2014లో అమెరికాలో మిస్ మార్వెల్ అనే పుస్తకం కొత్తగా వచ్చింది. అందులో నాయిక కమలా ఖాన్, పాకిస్తాన్ నుండి వెళ్ళి స్థిరపడిన ముస్లిం కుటుంబపు పిల్ల. శక్తులు రాకముందు ఆ పిల్ల కూడా వీరుల కథల పిచ్చిదే, వారి మీద కథలు వ్రాసుకునేది. అది చదివిన మా మేనకోడలు "మామూ, ఈమె ఇల్లు అచ్చం మన ఇల్లులా ఉంది" అన్నది. ఆ పిల్ల ఇప్పుడు తన స్నేహితురాళ్ళకు ఆ పుస్తకం అరువిస్తూ, తిరిగి ఇవ్వనివారి పేర్లు చీటీ మీద వ్రాసుకుంటున్నది.

ఇంద్రజాల్ 1990లో ఆగిపోయింది. చందమామ కూడా ఆగింది. అద్దె బడ్డీ ఉన్నచోట ఫోన్లు రీచార్జి చేసే దుకాణం వచ్చింది. ఫోనులో అన్నీ దొరుకుతాయి గదా అంటారు. దొరుకుతాయి, కాని ఫోనును ఎవరూ రైలులో మరచిపోయి రారు, పక్కవానికి రెండు రోజులు అరువు ఇవ్వరు. చిన్నపిల్లవానికి అనుకోకుండా పుస్తకం తగిలే చోట్లు మన మొహల్లాలో దాదాపు లేకుండా పోయాయి. కొత్త పుస్తకాల ధరలు చూస్తే, కొనిపెట్టండి అని ఆటో నడిపే తండ్రికి చెప్పడానికి మాకు నోరు రాదు.

అందుకని కార్యవర్గానికి మా మనవి ఇది. బీరువా అడగడం లేదు, పఠన మందిరంలో క్రింది అర ఒకటి చాలు. పిల్లల చేతికి అందాలి గనుక క్రింది అరే కావాలి. దానికి తాళం వద్దు. చిరిగితే జరిమానా వద్దు. ఇంటికి తీసుకుపోనివ్వాలి, లేకపోతే ఆడపిల్లలకు అందదు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు ఏ భాషదైనా ఫరవాలేదు. ఏడాదికి సగం పుస్తకాలు పోతాయని కోశాధికారి గారు లెక్క వేస్తున్నారు, వారి ముఖం చూస్తుంటేనే తెలుస్తున్నది. పోనివ్వండి సార్. పోయినవి ఎవరో ఒకరి ఇంట్లో మంచం క్రిందనే ఉంటాయి.

సభ్యులు తమ ఇళ్ళలోని పాత సంచికలు రద్దీవానికి వేయకుండా మాకు ఇవ్వాలని కోరుతున్నాము. వచ్చే ఆదివారం అసర్ నమాజు తరువాత పఠన మందిరంలో కూర్చుంటాము. అట్టలు లేనివి, చివరి పేజీలు పోయినవి కూడా తీసుకుంటాము.